ఫెవిక్విక్ లేకపోతే నా డిజైన్ నిలబడదని అప్పుడు తెలిసింది

బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) రెండో ఏడాది, పోర్ట్‌ఫోలియోలో అన్నీ ఆటోక్యాడ్, స్కెచప్‌లలో కంప్యూటర్ మీద గీసిన షీట్లే ఉన్నాయి, చేత్తో ఏదైనా కట్టి పెట్టాలా, దానికి ఖర్చెంత అవుద్ది అని కదా అడిగారు. పెట్టండి. నేను చేసింది ఒకటే పెద్దది, అదీ సగం చెడగొట్టాక వచ్చింది.

మాది సోంపేట వైపు. మూడో ఏడాది సెలవుల్లో మా తాతయ్య తోటలో చిన్న చుట్టిల్లు కడదామనుకున్నా, లోపల 10 అడుగుల వ్యాసం, మట్టి గోడ, తాటాకు కప్పు. ముందు ఫోమ్‌బోర్డుతో 1:20 మోడల్, అంటే అసలు సైజులో ఇరవయ్యో వంతు, చేశా, చాలా బాగా వచ్చింది, ఎందుకు రాదు, ప్రతి జాయింటుకీ ఫెవిక్విక్ చుక్క వేస్తే ఏదైనా నిలబడుద్ది, అసలు దాన్ని ఏది పట్టుకుని ఉందో మనం ఆలోచించనే ఆలోచించం.

కప్పు నేసే తాత ఒకాయన వచ్చి నా డ్రాయింగ్ చూసి "ఏటి బావూ, ఇది ఇల్లా గొడుగా? గాలొస్తే ఎగిరెల్లిపోద్ది" అన్నాడు. నేను మనిషి వంగకుండా లోపలికెళ్లాలని చూరు 7 అడుగుల ఎత్తులో పెట్టా. మా సోంపేట వైపు ఉద్దానంలో 2018 తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్లే నేలకూలాయి, అది కళ్లారా చూసి కూడా నాకు బుర్రలోకి రాలేదు చూడండి! చూరు కిందకుంటే గాలి లోపల దూరి కప్పుని ఎత్తలేదు, గోడ గుండ్రంగా ఉంటే గాలి పక్కలకి జారిపోద్ది, పాత చుట్టిళ్లలోకి వంగి వెళ్లేది అందుకే.

రెండో తప్పు కప్పు వాలు. గోడ నుంచి మధ్యకి 5 అడుగులు, గోడ మీద నుంచి శిఖరానికి నేను పెట్టిన ఎత్తు రెండున్నర, అంటే 27 డిగ్రీలు. తాటాకుకి అది చాలదు, కనీసం 45 ఉండాలి. పైగా ఆకు మీద ఆకు పడతాది కాబట్టి ఆకు వాలు వాసం వాలు కంటే ఇంకా తక్కువైపోద్ది, నీళ్లు జారకుండా నాని కిందకి దిగుతాయి. 45 చేసేసరికి రెండడుగుల చూరుతో కలిపి వాసం 10 అడుగులు కావాలి, నేనేమో అప్పటికే 12 వెదుర్లు 8 అడుగులకి కోయించి తెచ్చేశా. తాతయ్య ఏమీ అనలేదు, అంటే బాగుండేది.

మళ్లీ వెదురు తెచ్చాక ఇంకో తమాషా. డ్రాయింగులో 12 వాసాలూ శిఖరం దగ్గర ఒకే చుక్కలో కలుస్తాయి, నిజం వెదురు రెండంగుళాల లావు, 12 ఒక్కచోట ఎలా పడతాయి? కప్పు నేసే తాత నాలుగింటినే పైదాకా తీసుకెళ్లి కొబ్బరితాడుతో కట్టాడు, కొంచెం కింద వెదురు బద్దలతో చుట్టు వేసి మిగతా ఎనిమిదీ దానికి కట్టేశాడు. నా పోర్ట్‌ఫోలియోలో ఇంటర్వ్యూల్లో ఎక్కువసేపు ఆగి చూసింది ఆ ముడి ఫొటోలే, దాని పక్కన నా తప్పు డ్రాయింగ్ కూడా పెట్టా, మీరూ తీసేయకండి.

ఖర్చంటారా, తాటాకూ మట్టీ ఊళ్లోవే, డబ్బు పోయింది వెదురుకీ కూలికీ. అంత కుదరకపోతే స్టూలైనా చేయండి, కానీ మేకు, గమ్ము లేకుండా. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు, ఒక్క పూట కూర్చుని చూసొస్తే చెక్క నార ఎటు పోతే ఉలి ఎటు పట్టాలో తెలుస్తాది.

చుట్టిల్లు ఇంకా ఉంది. తాతయ్య అందులో మోటారు స్టార్టరూ ఎరువు బస్తాలూ పెట్టేసుకున్నాడు, నన్నడగలేదు.