బాలింత దిగులును ఎలా పసిగడతారు?

కాన్పయ్యాక దిగులు మామూలేనా, దానికి పరీక్ష ఉందా అని అడిగారు. మొదటి పది రోజులు ఊరికే కళ్లనీళ్లు రావడం చాలామందికి ఉండేదే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే చూపించుకోవాలి. రక్తపరీక్ష లాంటిదేమీ లేదు. 1987లో వచ్చిన ఎడిన్‌బరో ప్రశ్నాపత్రం ఉంది, గర్భిణులకూ వాడతారు. గత 7 రోజుల మీద 10 ప్రశ్నలు, 30 మార్కులు. 13, ఆపైన వస్తే డిప్రెషన్ ఉండొచ్చని అనుమానం, అంతే, తేల్చాల్సింది డాక్టరు.

నాకు నచ్చింది నిద్ర ప్రశ్న. ‘నిద్ర పడుతోందా’ అని అడగదు (పసిబిడ్డ ఉన్న ఇంట్లో నిద్రెక్కడిది!), మనసు బాగోక నిద్ర పట్టట్లేదా అంటుంది. చివరిది, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నది. దానికి అవునంటే మార్కులు ఎన్నొచ్చినా ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి.

అత్తగారు పక్కనుంటే బాలింతలు నిజం రాయరు, ఒంటరిగా నింపనివ్వండి. ఫోన్‌లో సాయానికి టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), 14416.