ఆగస్టు సెలవులో ఉదయగిరి దుర్గం: పిల్లలు, పెద్దలతో ఒక్క రోజులో వీలవుతుందా?

నెల్లూరు నుంచి పొద్దున్నే బయలుదేరి, చిన్నపిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న మామయ్యగారితో ఉదయగిరి కొండ ఎక్కి రాత్రికి ఇల్లు చేరవచ్చా, పైన జలపాతం ఉంటుందా అని అడిగారు. రాత్రికి ఇల్లు చేరడం కష్టం కాదు. ఆ బృందంతో కొండ ఎక్కడం మాత్రం కుదరదు. జలపాతం మీద ఆగస్టులో ఆశ పెట్టుకోకండి.

మేము కూడా ఆగస్టు సెలవు రోజునే వెళ్లాం. అత్తయ్య, మా ఆయన, పిల్లలు, పులిహోర డబ్బాలు, మంచినీళ్ల సీసాలు. ఆత్మకూరు మీదుగా సుమారు 100 కిలోమీటర్లు. ఊరు ఇంకా దూరంగా ఉండగానే దుర్గం కనిపిస్తుంది. అప్పటిదాకా కారులో అందరిదీ పండుగ ఉత్సాహమే. కొండ మొదట్లో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. "వానాకాలంలో ఈ ఎండేమిటమ్మా" అని అత్తయ్య కొంగు నెత్తిన కప్పుకుని అక్కడే చెట్టు కింద కూర్చున్నారు.

మన జిల్లాకు నైరుతి రుతుపవనాల కంటే ఈశాన్య రుతుపవనాలే పెద్ద దిక్కు. వానలు గట్టిగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూలై, ఆగస్టుల్లో గోదావరి వరద వార్తలు చూసి మన కొండల్లోనూ నీళ్లు దూకుతుంటాయని పిల్లలు ఆశపడతారు. మా పిల్లలు తడవడానికని వేరే బట్టలు కూడా సర్దుకున్నారు. మాకు కనిపించినవన్నీ ఎండిన బండలే.

దారి సంగతి చెబుతాను. కొంత మేర మెట్లున్నాయి. ఆ పైన రాళ్లు కదిలిపోయి, ఏది మెట్టో ఏది బండో తెలియదు. రెండు పక్కలా ముళ్లకంప మీదికి ఒరిగి ఉంటుంది. మా పాప గౌను అంచు కొమ్మకు చిక్కింది. విడదీయబోతే ఇంకో ముల్లు చేతికి దిగింది, పాప కదిలేకొద్దీ గుడ్డ చిరుగుతోంది. దారి చీలిన చోట ఎటు వెళ్లాలో చెప్పే బోర్డు లేదు, అడగడానికి మనిషి లేడు. మా ఆయన కొంత ముందుకు వెళ్లి చూసి, ఇంకా చాలా ఉందంటూ వెనక్కి వచ్చారు. సీసాల్లో నీళ్లు అడుగంటాయి. పైకి చేరకుండానే దిగివచ్చేశాం.

మా పెద్దబ్బాయికి వచ్చిన ఏడుపు ఎండ వల్ల కాదు. రాయలవారి కోట చూస్తానని వారం ముందు నుంచీ వాడు చెప్పని వాళ్లు లేరు. సముద్ర మట్టానికి 3,000 అడుగులకు పైబడిన ఈ దుర్గాన్ని ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతి సేనల నుంచి గెలవడానికి శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి సాగించాల్సి వచ్చింది. 1514లో కోట లొంగింది. బండలు పగలగొట్టించి సైన్యానికి దారి చేయించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఇంత చరిత్ర ఉన్న కొండకు కంప కొట్టించిన బాట, నాలుగు బోర్డులు, ఒక నీళ్ల తొట్టి ఉండాలని కోరడం అత్యాశ కాదు. ఆ బాధ్యత చూసేవారి మీద నాకు ఇప్పటికీ కోపమే. చూడటానికి వచ్చిన పిల్లవాడిని కోట గోడ కిందినుంచే చూపించి పంపేయడం అన్యాయం.

ఆ రోజు మిగిలిన సంతోషమంతా ఊళ్లోనే దొరికింది. ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. నర్ది, కలివి లాంటి అడవి కర్రతో చేస్తారు. ఒక పెద్దాయన చెంచా కాడను ఆకురాయితో రుద్దుతూ, మధ్యమధ్య బొటనవేలితో తడిమి చూసుకుంటున్నారు. మా పాప చాలాసేపు కదలకుండా ఆయన చేతులనే చూసింది. అత్తయ్య పచ్చడి జాడీకని పొడుగు గరిటె ఎంచుకున్నారు. ఇప్పటికీ మా ఇంట్లో ఆవకాయకు అదే.

కాబట్టి ఆగస్టులోనే తప్పనిసరైతే కొండ ఎక్కే మాట పిల్లల ముందు ఎత్తకండి. కింద రంగనాయకస్వామి గుడి రాతి పని, చెక్క పని చూపించి, మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం పెట్టుకోండి. దైవదర్శనమే ముఖ్యమైతే పెంచలకోన నరసింహస్వామి క్షేత్రం నయం, గుడి దాకా బస్సు వెళ్తుంది, మామయ్యగారికి ఇబ్బంది ఉండదు. దుర్గం పైకి వెళ్లాలంటే వానలు వెలిశాక, డిసెంబరు చివర్లోనో జనవరిలోనో, ముందు రోజు రాత్రికే ఉదయగిరి చేరుకోండి. దారి తెలిసిన ఊరి మనిషిని మాట్లాడుకుని తెల్లవారుజామునే మొదలుపెట్టండి. కాలికి బూట్లు, ఒంటికి నిండు చేతుల చొక్కా, మనిషికి కనీసం రెండు పెద్ద సీసాల నీళ్లు ఉండాలి. పదేళ్లలోపు పిల్లల్ని అప్పుడు కూడా తీసుకెళ్లవద్దనే నా మాట.