సెల్ఫ్ కొట్టని బండి ముంగట ఎవరూ నిలబడొద్దు

బిడ్డా,

నీ బండి పొద్దున పూట సెల్ఫ్ కొడతలేదని, మిస్త్రీని పిలవకుంట ఆదివారం సెల్లార్ల నువ్వే విప్పి చూస్తనన్నవని మీ నాయిన ఫోన్ చేసి చెప్పిండు. మన ఇంటి ఆడపిల్ల మీటరు పట్టుకొని బానెట్ లేపుతదంటే నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలె. సగం సంతోషం, సగం భయం. ఫోన్ల మాట్లాడితే కోప్పడత, నువ్వు పెట్టేస్తవు. అందుకే రాస్తున్న.

మీ నాయిన ఇంకో మాట చెప్పిండు. "దాని తమ్ముడు టార్చి పట్టుకుంటడట" అని. నాతోని ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ మాటే. దాని దగ్గరికి వస్త.

ముందు గాజులు, ఉంగరం తీసి ఇంట్ల పెట్టు. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్ల పొడి ఉంటే వేడినీళ్లతోని కడిగి, తుడిచి బిగించు. మీటరు 12.6 వోల్టుల దగ్గర ఉంటే బ్యాటరీ నిండ ఉన్నట్టు. కీ తిప్పినప్పుడు 9.6 కన్న కిందికి జారితే రిలే (కీ తిప్పితే సెల్ఫ్ దిక్కు కరెంటు పంపే చిన్న స్విచ్చి డబ్బి) జోలికి పోకు, ముందు బ్యాటరీ సంగతి తేల్చు.

తర్వాత చెవి పెట్టి విను. టకటకటక అని కొట్టుకుంటే కరెంటు చాలుత లేదు, పట్టుకుంటున్నది, వదులుతున్నది. మోటర్ దిక్కు నుంచి ఒక్కటే "ఠక్" మని వచ్చి ఆగితే రిలే తన పని చేసింది. సొలినాయిడ్ (సెల్ఫ్ మోటర్‌కు పెద్ద కరెంటు కలిపే స్విచ్చి) లోపలి కాంటాక్టులు, మోటర్ కార్బన్లు, ఎర్తు వైరు చూడాలె. అసలు చప్పుడే లేకపోతే అప్పుడు రిలే, దానికి వచ్చే వైర్లు, కీ స్విచ్చి, క్లచ్ స్విచ్చి (క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ కొట్టనిచ్చేది). నీకు చప్పుడే వస్తలేదట. అయితే రిలే కాడ మొదలువెట్టు.

రిలే లోపలి తీగ చుట్ట మీటరు మీద 80 ఓమ్స్ చూపెట్టిందని, ఇగ రిలే మంచిగున్నదని మీ నాయినతోని అన్నవట. ఎవరు చెప్పిన్రు బిడ్డా నీకు? రిలే కాళ్ల కాడ నంబర్లు రాసి ఉంటయి, చుట్ట ఉండేది 85, 86 కాళ్ల నడుమ. అది అయస్కాంతమయ్యి లోపలి రేకును గుంజితే 30 నుంచి 87కు కరెంటు దారి దొరుకుతది. చుట్ట సక్కగనే ఉండి, గుంజుడు గూడ గుంజుతది, కాని ఆ రేకు కొస కాలిపోయి ఉంటది. పాత రిలే మూత ఊడదీసి చూడు: ఆవగింజంత బొట్టు నల్లగ మాడి, నడుమ చిన్న గుంత పడి ఉంటది. ఆ గుంతల కరెంటు చచ్చిపోతది. చల్లగున్నప్పుడొక తీరు, ఎండల ఒక తీరు. ఫ్యూజ్ బాక్స్ మూత మీద బొమ్మ ఉంటది. అదే నంబర్ రిలే ఇంకొకటి, హారన్‌దో మరొకటో దొరికితే ఒకదాని జాగల ఒకటి పెట్టి చూడు. రెండు నిమిషాల పని.

సాకెట్ల 30 దగ్గర ఎప్పుడూ 12 వోల్టులు ఉండాలె. 85, 86ల ఒకటి ఎర్తు. రెండో దానికి కీ తిప్పినప్పుడే కరెంటు రావాలె. మీటరును ఒక్కదాన్నే నమ్మకు. వైరు లోపల కిలుం పట్టి కరెంటు సరిగ పారకున్నా మీటరు 12 చూపెడతది. అదే జాగల 5 వాట్ల బల్బు పెడితే గుడ్డిగ వెలుగుతది. నేను నలభై ఏండ్లు బల్బు మీదనే బతికిన.

ఇగ అసలు సంగతి. మీ నాయిన మెట్లెక్కేటప్పుడు ఎడమ కాలు ఒక్క క్షణం ఆగుతది, చూసినవు గద. షెడ్డుల దెబ్బ తగిలిందని మీకు తెలుసు. ఎట్ల తగిలిందో ఆయన మీ అమ్మకు గూడ చెప్పలె. చేసింది నేను.

1987 ఎండకాలం. ముషీరాబాద్‌ల మన షెడ్డు. ఒక అంబాసిడర్ వచ్చింది, సెల్ఫ్ కొడతలేదు. హ్యాండ్ బ్రేక్ పట్టదని డ్రైవర్ దాన్ని ఫస్టు గేర్ల పెట్టి, చాయ్‌కు పోయిండు. నేను అడగలె. దాని గేరు హ్యాండిల్ స్టీరింగ్ కింద ఉంటది, బయట నిలబడి చూస్తే గేర్ల ఉన్నదా లేదా తెల్వదు. మీ నాయినకు పదిహేడేండ్లు, ఇంటర్ పరీక్షలు రాసి సెలవులకు నా దగ్గరున్నడు. బంపర్ ముంగట నిలబడి నాకు ల్యాంపు పట్టుకున్నడు. ఆయన ఎనక గోడ.

తాళంచెవి నా అంగి జేబుల ఉండె. చెవి నా కాడ ఉన్నంక బండి ఎక్కడికి పోతది అనుకున్న. పేచ్‌కస్ (స్క్రూడ్రైవర్) తీసి సొలినాయిడ్ బోల్టులు రెండూ కలిపిన. ఇంజన్ స్టార్ట్ కావాల్సిన పనే లేదు బిడ్డా. గేర్ల ఉంటే సెల్ఫ్ మోటర్ ఒక్కటే బండిని నూకుతది. అడుగున్నర నూకింది. ముందు బల్బు పగిలిన చప్పుడు ఇన్న. తర్వాత "అన్నా" అన్నడు, మెల్లగ. బంపర్ పట్టుకొని ఎనక్కి నూకిన, కదల్లె. గేర్ల ఉన్నది గద. డోర్ తీసి న్యూట్రల్ చేసి మళ్ల వచ్చేదాక అట్లనే నిలబడ్డడు, ఏడ్వలె.

అప్పుడు గాంధీ దవాఖాన సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఉండె. ఆటోల నా ఒళ్లె కాలు పెట్టుకొని పోయినం. మోకాలి చిప్ప రెండు ముక్కలు. పొద్దున్నే పరేడ్ గ్రౌండ్స్‌ల ఉరికేటోడు, మళ్ల ఉరకలె. ఇంటికి వచ్చినంక మా అమ్మ అడిగితే "బండి దానంతట అదే జారింది" అన్నడు. ఇప్పటిదాక అదే మాట మీద ఉన్నడు.

నువ్వు చూసే వీడియోలల్ల రిలే పీకి 30, 87 రంధ్రాల నడుమ వైరు పెడతరు. మంచి టెస్టే. మోటర్ తిరిగితే సొలినాయిడ్, మోటర్ బాగున్నట్టు, లోపం రిలేల నన్న అంతకు ముందన్న ఉన్నట్టు. కాని ఆ వైరు కీ స్విచ్చినీ క్లచ్ స్విచ్చినీ పక్కకు పెట్టేస్తది. గేర్ల ఉన్నా అడిగేటోడు ఉండడు. మీ సెల్లార్ల బండ్లన్నీ మూతి గోడకు పెట్టే నిలబెడతరు, నేను చూసిన. అందుకని బండిని బయటి ఖాళీ జాగలకు నూకు. గేరు హ్యాండిల్ అటూ ఇటూ ఊపి చూడు, అయినా నమ్మకు, చేతితోని నూకి చూడు, ఉరికితేనే న్యూట్రల్. అప్పుడు హ్యాండ్ బ్రేక్ గుంజి చక్రాలకు ఇటుకలు పెట్టు. వైరు లావుది తీస్కో, నడుమ ఫ్యూజు పెట్టు. నువ్వు గూడ రెక్క (ముందు చక్రం మీది రేకు) పక్కన నిలబడే చెయ్యి, ముంగటికి పోకు.

కొత్త రిలే కావాలంటే పాతది పట్టుకొని రాణిగంజ్ స్పేర్ పార్టుల బజారుకు పో. పక్కన అచ్చేసిన బొమ్మ, కాళ్ల నంబర్లు రెండూ కలవాలె. కొన్నిట్ల లోపల డయోడ్ ఉంటది, తిరగేసి పెడితే పాడైతది.

నా టెస్టు ల్యాంపు మీ నాయినతోని పంపుతున్న. క్లిప్పు వదులైంది, ఎర్తు దగ్గర గట్టిగ ఒత్తి పట్టు. తమ్ముడిని డ్రైవర్ డోరు పక్కన నిలబెట్టు, టార్చి అక్కడి నుంచే కొట్టమను. ఆదివారం పని మొదలుపెట్టే ముందు నాకు ఒక ఫోన్ చెయ్యి, అయినంక ఇంకోటి చెయ్యి.

మీ పెద్దనాయిన