రక్తం రంగును నమ్మకు

చిత్తూరు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మొదటి సెంట్రల్ లైన్, అదే గుండె దగ్గరి పెద్ద సిరలోకి పోయే గొట్టం, వేసేటప్పుడు చేతులు వణికాయని రాశావు. దానికి సిగ్గుపడకు. వణుకు పోయాకే నేను పెద్ద తప్పు చేశాను.

పీజీ రోజులు. రాత్రి రెండింటికి, ఇన్ఫెక్షన్ ముదిరి సెప్సిస్‌తో బీపీ పడిపోయిన మనిషి. మెడలో సూది గుచ్చితే నల్లటి రక్తం తీరిగ్గా కారింది, ఎగజిమ్మలేదు. సిరే అనుకుని, దారి వెడల్పు చేసే లావు గొట్టం, డైలేటర్, దూర్చాను. అది మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని! ఆక్సిజన్ తగ్గి, బీపీ లేని ఒంట్లో ధమని రక్తమూ అలాగే ఉంటుంది. కంగారుగా లాగేయబోతే సిస్టర్ నా మణికట్టు పట్టుకుని ఆపింది. లాగేసి ఉంటే మెడ ఉబ్బి ఊపిరి ఆగేది, లేదా పక్షవాతం వచ్చేది. ఉన్నది ఉన్నట్టే ఉంచి సర్జన్‌ను పిలిచాం. ఆయన వచ్చి ధమనిని కుట్టారు.

అందుకే చెబుతున్నాను. సన్న సూది ధమనిలోకి పోతే తీసేసి గట్టిగా నొక్కిపట్టవచ్చు. డైలేటర్ పోతే ఆ వీలుండదు. సూదిలోంచి దూర్చిన గైడ్ వైరు సిరలోనే ఉందని అల్ట్రాసౌండ్‌లో చూశాకే డైలేటర్ చేతపట్టు. మాకు అప్పట్లో ఆ యంత్రం లేదు, నీకుంది. వైరు ఇరవై సెంటీమీటర్లు దాటనివ్వకు, మానిటర్‌లో గుండె లయ తప్పితే కాస్త వెనక్కి లాగు. దాని కొస మాత్రం ఎవరు పిలిచినా వదలకు.

మన వేరుశనగ చేలల్లో రక్తపింజరి కరిచి వచ్చేవాళ్లు నీకూ తగులుతారు. గాజు గొట్టంలో రక్తం ఇరవై నిమిషాలకూ గడ్డకట్టకపోతే కాలర్‌బోన్ కింద గుచ్చకు. అక్కడ రక్తం కారితే నొక్కడానికి చోటు లేదు. ముందు విషానికి విరుగుడు, యాంటీవీనమ్, పోనీ. బీపీ పెంచే మందు కూడా కొన్ని గంటలు చేతి మీది మంచి సిరలో నడపవచ్చు, సెంట్రల్ లైన్ కోసం తొందరపడనక్కరలేదు.

ఒకవైపు కుదరలేదని ఎక్స్‌రే చూడకుండా రెండోవైపు పొడవకు. రెండు ఊపిరితిత్తులకూ చిల్లు పడితే వెంటిలేటర్ మీద మనిషి నిమిషాల్లో పోతాడు.

ఇన్ఫెక్షన్ సంగతి మీ సీనియర్లు రోజూ చెబుతూనే ఉంటారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. లైన్ తీసేటప్పుడు మాత్రం రోగిని కూర్చోబెట్టకు. తల కాస్త కిందికి వాల్చి, ఊపిరి బిగపట్టమని తీసి, ఆ రంధ్రాన్ని వెంటనే మూసెయ్యి. లేకపోతే సిర గాలిని లోపలికి పీల్చుకుంటుంది.

పెద్దమ్మ వేరుశనగ పొడి కట్టింది, ఆదివారం బస్సులో పంపుతాను.

మీ పెదనాన్న