వాడి చేతులు ఏం అడుగుతున్నాయో చూడు

చి.ల.సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా కులాసా. పెరట్లో నిమ్మచెట్టు ఈ ఏడు విరగకాసింది, మనిషి దొరికితే ఒక సంచి పంపిస్తాను.

మొన్న ఆదివారం ఫోన్‌లో నీ గొంతు విన్న దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. మూడు వేలు పెట్టి బొమ్మలు కొంటే బుజ్జిగాడు వాటిని వదిలేసి అవి వచ్చిన అట్టపెట్టెలో కూర్చుంటున్నాడన్నావు. పేపరు ప్లేటుతో సింహం చేయిద్దామని గంటసేపు రంగులూ జిగురూ సిద్ధం చేస్తే రెండు నిమిషాల్లో చింపి నోట్లో పెట్టుకున్నాడన్నావు. ఫోన్ ఇస్తే తప్ప కుదురుగా ఉండట్లేదన్నావు. చివరికి "నాకే చేతకావట్లేదేమో పెద్దమ్మా" అన్నావు. ఆ ఒక్క మాటకి జవాబు చెప్పాలనే ఇంత ఉత్తరం.

ఇరవై నెలల పిల్లాడికి సింహంతో పనిలేదమ్మా. ఆరోజు వాడికి కావాల్సింది చింపడం. చింపాడు, బాగా చింపాడు. ఇందులో నీ తప్పు ఏముంది?

నేను అంగన్‌వాడీలో చేరింది 1986లో. ఆ పథకం 1975 అక్టోబరు 2న మొదలైతే మా ఊరికి రావడానికి అన్నేళ్ళు పట్టింది. ఆటపాటల బడి మూడేళ్ళు నిండినవాళ్ళకే. కానీ తల్లి పొలం పనికి వెళ్తే ఐదేళ్ళ అక్క ఏడాదిన్నర తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చేది. వాణ్ణి వెనక్కి ఎక్కడికి పంపను? ఉన్న పదీ పన్నెండు బొమ్మలూ పెద్దపిల్లలకే చాలేవి కావు. అందుకని గరిటె, చెంబు, కొబ్బరిచిప్ప, పాతగుడ్డలతోనే ఆ చిన్నవాళ్ళను ఆడించడం అలవాటైంది. 31 ఏళ్ళు చూశాక నాకు అర్థమైంది ఇదీ. ఆ వయసు పిల్లల్ని ఏదో ఒక పని పట్టుకుంటుంది. ఒక వారమంతా నీళ్ళు పోయడమే. ఇంకో వారం డబ్బాలో వేయడం, తీయడం. మరో వారం కనిపించిన కుర్చీనల్లా తోయడం. వాడి చేతులు ఏ పని మీద ఉన్నాయో ముందు చూడు, అదే పనిని పదిరకాలుగా చేసుకునే వీలు కల్పించు. కొనాల్సింది పెద్దగా ఏమీ ఉండదు.

ఇప్పుడు చింపుతున్నాడు కదా, చింపనివ్వు. న్యూస్‌పేపరు మాత్రం వద్దు, ఆ సిరా నోట్లోకి పోతుంది. వాడేసిన బ్రౌన్ పేపరు, తెల్ల కాగితాలు ఇవ్వు. మొదట అంచు దగ్గర నువ్వు కాస్త చీరి పెడితే వాడు అందుకుంటాడు. చింపిన ముక్కలన్నీ పాత దిండుగలీబులో కూరి మూతి కుట్టేస్తే గరగరమనే దిండు తయారవుతుంది, దాని మీద పడి దొర్లుతాడు. వంటింట్లో ఉన్నప్పుడు గోంగూర కట్ట ముందేసుకుని ఆకులు తుంచమను. సగం నలిపేస్తాడు, పర్వాలేదు. మన పని పక్కన తనకూ ఒక పని ఉందంటే పిల్లల ముఖం ఎలా వెలుగుతుందో చూస్తే నీకే తెలుస్తుంది. బయట కొన్న ఏ బొమ్మా ఆ ముఖం తేలేదు.

తర్వాత నీళ్ళు. నన్ను ఒక్క ఆటే చెప్పమంటే ఇదే చెబుతాను. బాల్కనీలో పాత తువ్వాలు పరిచి, వెడల్పాటి బేసిన్‌లో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, రెండు చిన్న స్టీలు గ్లాసులు, టీ వడకట్టే జాలి, ఒక బనీనుగుడ్డ ఇవ్వు. గుడ్డను ఒక గిన్నెలో ముంచి ఇంకో గిన్నెలో పిండడం చూపించు. ఆ పిండడంలో వేళ్ళకు వచ్చే పట్టే రేపు బలపం పట్టుకున్నప్పుడు పనికొస్తుంది. కొబ్బరి కొట్టినప్పుడు కళ్ళున్న చిప్పను దాచు. మూడు కళ్ళలో ఒకటి మెత్తగా ఉంటుంది, దాన్ని పొడిచి, చిప్ప అంచులు గచ్చు మీద రుద్ది నునుపు చేసి ఇవ్వు. నీళ్ళు నింపి పైకెత్తగానే సన్నటి ధార పడుతుంది. మా కేంద్రంలో ఏడుస్తూ వచ్చిన ఎంతమంది ఆ ధార చూసి ఏడుపు మర్చిపోయారో!

ఇక్కడ ఒకమాట గట్టిగా చెబుతున్నాను, పట్టించుకో. ఆ నాలుగు వేళ్ళ లోతు నీళ్ళే ప్రాణం మీదికి తేగలవు. చిన్నపిల్లలకు తల బరువు, ముందుకు తూలితే తమంతట తాము లేవలేరు, అరవనూ లేరు. ఫోన్ మోగినా, కుక్కర్ కూత వేసినా, గుమ్మంలో ఎవరు పిలిచినా వాణ్ణి చంకనేసుకునే లేవాలి. ఆట కాగానే నీళ్ళు కుండీల్లో పోసెయ్. బాత్రూంలో బకెట్ ఎప్పుడూ బోర్లించే ఉండాలి.

పిండి గురించి అడిగావు. బజారులో రంగురంగుల డబ్బాల్లో అమ్మేదాని అవసరం లేదు. చపాతీలు చేసేటప్పుడు నిమ్మకాయంత ముద్ద వాడి చేతికివ్వు, పూరీకర్ర ఇవ్వు. రంగు కావాలంటే బీట్‌రూట్ తురిమి పిండిన రసంతో ఒక ముద్ద, పసుపుతో ఒకటి, పాలకూర రుబ్బిన నీళ్ళతో ఒకటి కలుపు. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది, తర్వాత పారెయ్. చాలామంది రెండు కప్పుల మైదాకు ఒక కప్పు ఉప్పు, ఒక కప్పు నీళ్ళు చొప్పున కలిపి బొమ్మలు చేయిస్తుంటారు. నీడలో ఆరబెడితే అవి గట్టిపడి నెలల తరబడి నిలుస్తాయి, నిజమే. కానీ అంత ఉప్పు పసివాడి కడుపులోకి పోతే ప్రమాదం. ప్రతిదీ రుచి చూసే వయసు దాటేదాకా, అంటే మూడేళ్ళు నిండేదాకా అది వద్దు. మామూలు గోధుమపిండి ముద్దలో తాటాకు ముక్క గుచ్చి, దువ్వెనతో గీతలు గీసి, చెంచా వెనకతో నొక్కి గుర్తులు చూసుకోవడమే వాడికి ఇప్పుడు శిల్పం చెక్కినంత.

రంగులతో మొదలుపెట్టాలంటే ముదిరిపోయిన బెండకాయ పారేయకు. తొడిమవైపు పిడిలా ఉంచి అడ్డంగా కొయ్యి, ఐదు రేకుల పువ్వులా అచ్చు పడుతుంది. చిక్కటి గంజిలో పసుపు కలిపితే ఒక రంగు, బీట్‌రూట్ రసం కలిపితే ఇంకో రంగు. కాగితం ఎక్కడిదంటావా? గోడ మీద పాత క్యాలెండరు వెనకవైపు, అంత పెద్ద తెల్లకాగితం కొనాలన్నా దొరకదు. నాలుగు మూలలా టేపు వేసి నేలకు అంటించు. వాడు మొదట అచ్చు వేయడు, రుద్దుతాడు. రుద్దనివ్వు. వాడి చెయ్యి పట్టుకుని "ఇలా కాదు, ఇలా" అనకు. పక్కన కూర్చుని నువ్వు నీ కాగితం మీద వేసుకో, నాలుగో రోజుకో ఐదో రోజుకో నిన్ను చూసి వాడే టపటపా కొడతాడు. ఫొటోకి బాగుండాలని ఆ కాగితాన్ని నువ్వు సరిదిద్దితే అది నీ బొమ్మ అయిపోతుంది తల్లీ, వాడిది కాదు.

పసుపు రంగు ఆరాక మామూలు ఒంటి సబ్బు నీళ్ళలో వేలు ముంచి దాని మీద ఆనించు, ఆ చోటు ఎర్రబడుతుంది. పారాణి పుట్టేదీ ఇలాగే, పసుపు సున్నంతో కలిసి. సున్నం మాత్రం పిల్లల దగ్గరికి రానివ్వకు, కంట్లో పడితే చూపు పోగలదు. బట్టల మీద పసుపు మరకలకు టెన్షన్ పడకు, ఉతికి ఎండలో ఆరేస్తే చాలావరకు వెలిసిపోతాయి. కుంకుమ, హోలీ రంగులు వాడవద్దు. బజారు ముగ్గుపిండి రాతిపొడి, అదీ వద్దు. నేల మీద గీయాలంటే బియ్యప్పిండి చాలు.

జిగురుకి రెండు చెంచాల మైదాను గ్లాసు నీళ్ళలో కలిపి సన్నటి మంట మీద చిక్కబడేదాకా తిప్పు. బైండింగ్ చేసేవాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు, మీ మామయ్య పుస్తకాలు కుట్టేటప్పుడు అలాగే చేసేవాడు. అది విషం. నువ్వు వేయకు, రోజుకి కావాల్సినంతే కాచుకో.

అట్టపెట్టె సంగతి. వాడే కోరుకున్నాడు కాబట్టి దాన్నే బండి చేసెయ్. ముందు పిన్నులన్నీ పీకించు, ఆ పని అల్లుడుగారికి అప్పగించు. లోపల ఐదు కిలోల బియ్యం సంచి పెడితే తోసేటప్పుడు తూలిపోదు, ఇల్లంతా తోసుకు తిరుగుతాడు. తాడు కడితే జానెడు మించకూడదు, పొడవైతే మెడకు చుట్టుకుంటుంది. వారం తర్వాత పెట్టెకు రెండువైపులా కిటికీలు కోసి నువ్వు అటు, వాడు ఇటు కూర్చుని దోబూచులాడండి. పెట్టె చిరిగిపోతే బాధ లేదు, కిరాణాకొట్టులో ఇంకోటి ఇస్తారు.

వేయడం, తీయడం మీదికి మనసు మళ్ళినప్పుడు పాత పాలడబ్బా మూతకి పొడవాటి చీలిక కోసి, ఊరగాయ సీసాల వెడల్పాటి మూతలు వేయించు. డబ్బా అడుగున పడే ఠంగుమనే చప్పుడు కోసమే వందసార్లు వేస్తాడు. వైప్స్ డబ్బా ఖాళీ అయితే అందులో పాత జాకెట్టు గుడ్డల ముక్కలు కూరి పెట్టు. లాగుతాడు, నువ్వు మళ్ళీ కూరు, మళ్ళీ లాగుతాడు.

నోట్లో పెట్టుకునే వస్తువుల విషయానికి వస్తే నేను వాడిన కొలత ఒకటే. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టు. ఆ సున్నాలోంచి దూరిపోయేదేదీ వాడి చేతికి రాకూడదు. ఒకసారి కేంద్రంలో లెక్కల కోసం తెచ్చిన శనగల్లోంచి ఒకటి తీసి రెండేళ్ళ పాప ముక్కులో పెట్టుకుంది. మేం గమనించేసరికి అది నాని ఉబ్బింది. డాక్టరు తీసేదాకా ఆ తల్లి పక్కన నేను పడ్డ యాతన ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ తర్వాత చిన్నపిల్లలున్న గదిలోకి గింజలు తేలేదు. గలగలలాడే సీసా చేయాలంటే బియ్యం పోసి, మూత బిగించి, చుట్టూ టేపు వేసి, నువ్వు ఎంత తిప్పినా రాదని తేల్చుకున్నాకే ఇవ్వు. పగిలిన బెలూను ముక్కలు, థర్మాకోల్ ఉండలు కూడా అంతే ప్రమాదం.

మీ అమ్మ నీకిచ్చిన వామనగుంటల పీటతో పాటు గురివింద గింజల డబ్బా ఉండాలి. దాన్ని ఈరోజే తీసి తాళం పెట్టు. ఎరుపు, నలుపు చూసి పిల్లలు ముచ్చటపడతారు. నమిలితే అది ప్రాణాంతకం. ఆముదం గింజలూ అంతే. ఇంకా పాటలు పాడే బొమ్మల్లో, చిన్న రిమోట్లలో గుండ్రటి బిళ్ళ బ్యాటరీలు ఉంటాయి చూడు, అవి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తాయి. మింగాడన్న అనుమానం వచ్చినా చాలు, ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. స్క్రూతో బిగించే మూత లేని బొమ్మల్ని తీసి పారెయ్.

గుడ్డబొమ్మ ఒకటి కుట్టి పెట్టు. మెత్తటి పాత కాటన్ చీర ముక్క, లోపల అదే చీర పీలికలు. కళ్ళకు గుండీలు కుట్టకు, నల్లదారంతో కుట్టు వెయ్యి. నీ చీర వాసన ఉంటుంది కాబట్టి నిద్రవేళ వాడే వెతుక్కుంటాడు.

కొనితీరాలనిపిస్తే ఏటికొప్పాక లక్కబొమ్మ తీసుకో, పెద్ద సైజుది. అంకుడు కర్ర మీద లక్కతో వేసిన రంగు, నున్నగా ఉంటుంది. కొండపల్లి బొమ్మలు నాకూ ప్రాణమే, కానీ అవి తేలికైన పొణికి కర్రతో చేసి అతికినవి, చేతులూ కొమ్ములూ ఊడి వస్తాయి. వాటిని బొమ్మలకొలువుకే ఉంచు. ప్లాస్టిక్‌వి కొంటే ఐఎస్ఐ గుర్తు చూడు, 2021 జనవరి నుంచి అది తప్పనిసరి.

ఇప్పటికే కొన్నవాటిని పారేయమనను. మూడింటిని మాత్రమే కింద ఉంచి మిగతావి అటకెక్కించు. పది రోజులకొకసారి మార్చు, కొత్తవాటిలా పలకరిస్తాడు. ఒక్కో ఆట ఐదు నిమిషాలు ఆడినా చాలు, ఆ వయసుకు అదే ఎక్కువ. నువ్వు రోజంతా ఆడించనూ అక్కర్లేదు. అరగంట పూర్తిగా వాడి పక్కన కూర్చో, మిగతాసేపు నీ పని నువ్వు చేసుకుంటుంటే నీ కొంగు పట్టుకుని వాడే ఏదో ఒకటి చేస్తుంటాడు.

ఫోన్ సంగతి. రెండేళ్ళు నిండేదాకా తెర అసలే వద్దనీ, ఆ తర్వాత కూడా రోజుకి గంట మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఒక్కసారిగా లాగేస్తే గొడవ చేస్తాడు. ముందు అన్నం వేళ మానిపించు. వాడి చేతికి ఒక చిన్న గిన్నె, చెంచా, నాలుగు మెతుకులు ఇచ్చి పక్కన నువ్వూ తిను. మూడు రోజులు నేలంతా అన్నమే, అత్తగారు ఏమన్నా అంటే నేను మాట్లాడతాను. నాలుగో రోజు నాకు ఫోన్ చెయ్.

ఉగాది వెళ్ళాక ముంజలు దిగుతాయి. సెలవు పెట్టుకుని వాణ్ణి తీసుకునిరా. ముంజలు తిన్నాక బుర్రలతో బండి కట్టిస్తాను, నీకు కట్టిన కర్ర ఇంకా దూలం మీదే ఉంది. వచ్చేటప్పుడు వాడి పొట్టివైపోయిన బనీన్లు పారేయకుండా తీసుకురా, నీళ్ళాటకు గుడ్డలు కావాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ