ల్యాప్‌టాప్‌కు కార్డా, ల్యాప్‌టాప్‌లో కార్డా?

ప్రశ్న: కేబులు పెట్టే సదుపాయం లేని పాత ల్యాప్‌టాప్‌కు నెట్‌వర్క్ కార్డు పెట్టుకొనే విధానాన్ని తెలుగులో రాస్తున్నాను. "మీ పాత ల్యాప్‌టాప్‌కు ఒక వైర్డ్ నెట్‌వర్క్ అడాప్టర్ కార్డును చొప్పించుట" అని శీర్షిక పెట్టాను. "ల్యాప్‌టాప్‌కు" అనాలా, "ల్యాప్‌టాప్‌లో" అనాలా? కు, లో రెండూ షష్ఠీ విభక్తి ప్రత్యయాలే కాబట్టి ఏది రాసినా ఒకటేనని మిత్రుడొకరు అన్నారు. "చొప్పించు" సరైన క్రియేనా? వైర్డ్‌కు తెలుగు మాట ఏది? వేగాన్ని "ఎంబీ"లలో చెప్పవచ్చా?

సమాధానం: మీ మిత్రులు చెప్పిన విభక్తి పట్టికలో తప్పు లేదు. "కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్" అని బడిలో వల్లె వేసిన వరుస అదే. అయితే ఒకే వరుసలో ఉన్నంత మాత్రాన ప్రత్యయాల అర్థం ఒకటి కాదు. "ఇంటికి రంగు వేశారు" అంటే ఆ రంగు ఇల్లు మొత్తానికి. "ఇంట్లో రంగు వేశారు" అంటే లోపలి గోడలకు మాత్రమే. పుచ్చుకొనేది ఎవరో, ఏదో "కు" చెబుతుంది. జరిగే చోటు ఎక్కడో "లో" చెబుతుంది. మీరు రాస్తున్న విషయంలో ఈ తేడా వ్యాకరణంతో ఆగిపోదు, చదివేవాళ్ల చేతుల దాకా వెళ్తుంది.

పాత ల్యాప్‌టాప్‌కు కేబులు సదుపాయం కల్పించే దారులు ముఖ్యంగా మూడు. మొదటిది యూఎస్‌బీ అడాప్టరు. అది బయటే ఉంటుంది. కాబట్టి "ల్యాప్‌టాప్‌కు తగిలించండి" అంటే సరిపోతుంది. రెండోది పక్కనున్న స్లాటులో పట్టే పీసీ కార్డు, లేదా దాని తర్వాత వచ్చిన ఎక్స్‌ప్రెస్‌కార్డు. ఇక్కడ కార్డు బయటి నుంచి లోపలికి ప్రయాణిస్తుంది. కాబట్టి "స్లాటులోకి నెట్టండి" అనాలి. "స్లాటులో నెట్టండి" అంటే కార్డు అప్పటికే లోపల ఉన్నట్టు వినిపిస్తుంది. మూడోది అడుగు మూత విప్పి మదర్‌బోర్డు మీద పెట్టే మినీ పీసీఐ వంటి చిన్న కార్డు. దానికి "ల్యాప్‌టాప్‌లో అమర్చండి" అన్నదే తగిన మాట.

తీసేటప్పుడు కూడా ఈ పొందిక చెడకూడదు. "కు" వాడినచోట "నుంచి" రావాలి, "లోకి" వాడినచోట "లోంచి" రావాలి. అడాప్టరును ల్యాప్‌టాప్ నుంచి తీస్తాం, కార్డును స్లాటులోంచి తీస్తాం. చాలామంది రెండుచోట్లా "నుండి" రాసి ఊరుకుంటారు. తప్పని అనను కాని, వస్తువు ఎక్కడి నుంచి వస్తోందో చూపించే సౌకర్యం భాషలో ఉన్నప్పుడు దాన్ని వదులుకోవడం నాకు నచ్చదు.

ఇక క్రియ. "చొప్పించు" తప్పు మాట కాదు. చొచ్చు అన్నదానికి ప్రేరణ రూపం అది. తెలుగు సాఫ్ట్‌వేర్ మెనూల్లో బొమ్మనో పట్టికనో పత్రంలో పెట్టడానికి దాన్ని వాడుతున్నారు, అక్కడ ఇబ్బంది లేదు. కాని చేత్తో పట్టుకున్న కార్డుకు అది అతకదు. ఏ క్రియ అతుకుతుందో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. పని పూర్తయ్యాక మన నోటికి సహజంగా వచ్చే మాట ఏమిటో చూడండి. కార్డు సరిగ్గా కూర్చుంటే "కార్డు అమరింది" అంటాం. "కార్డు చొచ్చింది" అని ఎవరూ అనరు. అమరు నుంచి అమర్చు, దూరు నుంచి దూర్చు, చేరు నుంచి చేర్చు, తగులు నుంచి తగిలించు. జంటలో మొదటిది నప్పితేనే రెండోదాన్ని తీసుకోండి.

ఈ వరుసలో "దూర్చు" గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పరికరాల గురించిన రాతల్లో "స్లాటులో కార్డు దూర్చండి" అన్న వాక్యం తరచుగా కనబడుతుంది. దూర్చడమంటే ఇరుకైన చోట బలవంతంగా పట్టించడం. ఆ మాట చదివినవారు ఆ మాట ప్రకారమే బలం ఉపయోగిస్తారు. పీసీ కార్డుల్లో రెండు తరాలున్నాయి. తొలితరం కార్డులు 16 బిట్లవి, అంటే ఒక్కసారికి 16 బిట్ల సమాచారం పంపేవి. 1995లో ప్రమాణంలో చేరిన కార్డ్‌బస్ 32 బిట్లది. కార్డ్‌బస్ స్లాటు పాత 16 బిట్ల కార్డును కూడా తీసుకుంటుంది. పాత స్లాటులోకి కార్డ్‌బస్ కార్డు మాత్రం వెళ్లదు. తక్కువ వోల్టేజీతో పనిచేసే కార్డ్‌బస్ కార్డుకు హాని జరగకుండా దాని అంచు ఆకారాన్నే వేరుగా తయారుచేశారు. కాబట్టి మధ్యలో అడ్డు తగిలితే అది మన నెట్టుడు చాలకపోవడం వల్ల కాదు, ఆ కార్డు ఆ స్లాటుది కాకపోవడం వల్ల. అక్కడ ఇంకా బలం పెడితే స్లాటు లోపలి సన్నని పిన్నులు వంగిపోతాయి. అవి 68 ఉంటాయి, ఒక్కటి వంగినా స్లాటు పనికిరాకుండా పోవచ్చు. మీ వ్యాసంలో "దూర్చు"కు చోటివ్వాలంటే ఈ ఒక్క వాక్యంలో ఇవ్వండి: "కార్డు ఎక్కడైనా అడ్డుపడితే బలవంతంగా దూర్చవద్దు." కార్డును ముందే గుర్తుపట్టే వీలు కూడా ఉంది. స్లాటులోకి వెళ్లే అంచు దగ్గర బంగారు రంగు పట్టీ, దాని మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తే అది కార్డ్‌బస్. ఈ గుర్తును మీ వ్యాసంలో చెప్పడం మాత్రం వదిలిపెట్టకండి.

లోపల పెట్టే కార్డు సంగతి వేరు. దాని అంచును కనెక్టరులోకి ఏటవాలుగా పెట్టి, తర్వాత కిందికి వంచి నొక్కుతారు. కార్డు రకాన్ని బట్టి పక్కల క్లిప్పులైనా పట్టుకుంటాయి, స్క్రూ అయినా బిగించాల్సి ఉంటుంది. పెట్టు, వంచు, నొక్కు, బిగించు. నాలుగు పనులకు నాలుగు క్రియలు మనకు సిద్ధంగా ఉన్నాయి. వాటన్నిటినీ "ఇన్‌స్టాల్ చేయండి" అన్న ఒక్క మాటలో కుదించకండి. ఆ మాటను డ్రైవరు (కార్డును కంప్యూటరు గుర్తించి నడిపేందుకు కావాల్సిన సాఫ్ట్‌వేరు) కోసం దాచుకోండి, అక్కడ అది అందరికీ అలవాటైన మాటే. అన్నట్టు, "కార్డు గుర్తించబడలేదు" అన్న కర్మణి వాక్యం కూడా వద్దు. గుర్తించాల్సింది ఎవరో అందులో మాయమైపోయింది. "కంప్యూటరు కార్డును గుర్తించలేదు" అనండి. అప్పుడు చదివేవారి దృష్టి డ్రైవరు మీదికి తనంతట తానే వెళ్తుంది.

వైర్డ్ అన్నదానికి "తీగ నెట్‌వర్క్", "తంత్రీసహిత" వంటివి నేను సూచించను. వాడుకలో అందరూ అనేది లాన్ కార్డు, లాన్ కేబులు. లాన్ అంటే ఒకే ఇంట్లోనో ఆఫీసులోనో ఉన్న కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్. వాటినే వాడండి. తీగ అన్న మంచి మాటకు మరోచోట పని ఉంది. లాన్ కేబులు పైతొడుగు కోసి చూస్తే లోపల ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున మెలివేసిన నాలుగు జతలుగా కనబడతాయి. మొత్తం కేబులు, లోపలివి తీగలు. ఈ విభజన పాటిస్తే "తీగ తెగింది" అన్నప్పుడు ఏది తెగిందో స్పష్టంగా ఉంటుంది.

మీ శీర్షికలో "ఒక" అక్కర్లేదు. తెలుగులో కార్డు అంటే ఒక కార్డే. "కార్డును" అన్నచోట "ను" కూడా తీసేయవచ్చు. ప్రాణం లేని వస్తువు కర్మగా ఉన్నప్పుడు, ఫలానా కార్డు అని వేలుపెట్టి చూపాల్సిన అవసరం లేకపోతే, ద్వితీయా ప్రత్యయం లేకుండానే వాక్యం నడుస్తుంది. "చొప్పించుట" గ్రంథాల రూపం, నేటి రాతకు "-డం" చాలు. "పాత ల్యాప్‌టాప్ లాన్ కార్డు" అని సమాసంగా కుదిస్తే పాతది ల్యాప్‌టాప్ అవుతుందా, కార్డు అవుతుందా తేలదు. "కు" అక్కడ ఉంటేనే మేలు. మీరు మూడు దారులూ వివరిస్తున్నారు కాబట్టి, శీర్షికలో అన్నిటికీ వర్తించే సాధారణ క్రియ ఉండాలి: "పాత ల్యాప్‌టాప్‌కు లాన్ కార్డు పెట్టుకోవడం". లోకి, లో, తగిలించు, అమర్చు అన్నవి లోపలి వాక్యాల్లో వాటి వాటి చోట వస్తాయి.

"ఎంబీ" విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను, వద్దు. ఇంగ్లీషులో బిట్టుకు చిన్న అక్షరం (b), బైటుకు పెద్ద అక్షరం (B) రాసి తేడా చూపుతారు. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు కాబట్టి రెండూ "ఎంబీ"గానే మిగులుతాయి. ఒక బైటులో ఎనిమిది బిట్లుంటాయి. 100 మెగాబిట్ల కార్డు సెకనుకు గరిష్ఠంగా పంపగలిగేది 12.5 మెగాబైట్లే. 100 ఎంబీ అని చదివి కార్డు తెచ్చుకున్నవారు, ఫైలు అందులో ఎనిమిదో వంతు వేగంతో దిగుతుంటే కార్డు పాడైందనుకుంటారు. మెగాబిట్లు అనో, మెగాబైట్లు అనో ప్రతిచోటా పూర్తిగా రాయండి.