మట్టిగడ్డ విసిరిన చెయ్యి

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. సభలో కథ చదివితే ఒక పెద్దాయన "ఇందులో కథేముంది?" అన్నారని, మూడు రాత్రులు నిద్రపట్టలేదని రాశావు. వాట్సాప్ గ్రూపులన్నీ వదిలేసి, అమ్మమ్మగారి ఊరెళ్ళి ఒంటరిగా కూర్చుని రాసుకుంటానన్నావు. బయల్దేరే ముందు ఈ మాట విను.

కాశ్యప పరివర్తమని ఒక పాత మహాయాన బౌద్ధ సూత్రగ్రంథం ఉంది. 2వ శతాబ్దంలోనే చైనా భాషలోకి వెళ్ళింది. అందులో బుద్ధుడు తన శిష్యుడు కాశ్యపుడికి ఒక కుక్క సంగతి చెబుతాడు. ఎవరైనా మట్టిగడ్డ విసిరితే కుక్క ఆ గడ్డ వెంటపడుతుంది, విసిరినవాడి జోలికి పోదు. టిబెట్ గురువులు ఈ కుక్క పక్కన సింహాన్ని కూడా నిలబెట్టి చెబుతారు. సింహం రాయిని పట్టించుకోదు, విసిరినవాడి వైపు తిరుగుతుంది. ఇక రెండో రాయి ఎక్కడిది!

అయితే విమర్శించినవాడి మీద పడాలన్నమాట అనుకునేవు. సూత్రం కుక్కతో పోల్చింది ఎవరినో చూడు. రూపానికి, శబ్దానికి, రుచికి, స్పర్శకి భయపడి అడవికి పోయి ఒంటరిగా కూర్చున్న సన్యాసులని! వాళ్ళు తమ మనసు వైపు ఒక్కసారీ తిరిగి చూడలేదు. అందుకని ఊళ్ళోకి రాగానే అవే మళ్ళీ వాళ్ళని కట్టిపడేస్తాయట. గడ్డ వెంట పరిగెత్తినా, గడ్డకి భయపడి పారిపోయినా, ఆలోచనంతా గడ్డ మీదే. విసిరే చెయ్యి మన లోపల ఉంది. నీ ప్రయాణం గురించి నాకు బెంగ అందుకే.

ముప్పై ఏళ్ళ కిందట నాన్న పోవడం మీద ఒక కథ రాశాను. "ఏడిపించడానికి రాసిన కథ" అని ఒకరు సమీక్ష రాశారు. ఏడాది పాటు ఏం రాసినా ఆయనకి జవాబుగానే రాశాను. ఒక్కటీ నిలబడలేదు. చివరికి ఒక రాత్రి, ఆ మాట నాకెందుకు ఇంతగా గుచ్చుకుందని నన్ను నేనే అడిగాను. నా కథలో తండ్రి పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని పెద్ద పెద్ద మాటలు చెబుతాడు. మా నాన్న నిజంగా అడిగింది "గేదెకి మేత వేశారా?" అని. ఆ మాట మరీ మామూలుగా ఉందని సిగ్గుపడి తీసేశాను. మెప్పు కోసం చేసిన పని అది. సమీక్షకుడి కంటే ముందే నాకా సంగతి తెలుసు.

కథ మళ్ళీ రాశాను, ఈసారి గేదెతో సహా.

నీ కథ నేనూ చదివాను. బావి దగ్గర అక్క ఏడ్చే చోటు దాకా నీ మాటలు తేలిగ్గా నడిచాయి. అక్కడ మాత్రం ఒక్కసారిగా అలంకారాలు మీద పడ్డాయి. అక్కడేదో దాచావని నా అనుమానం. ఆ రోజు అక్క నిజంగా ఏం చేసింది? ఊరెళ్తే వెళ్ళు, టెన్షన్ పడకు, కానీ ఈ ప్రశ్న వెంట తీసుకెళ్ళు. జవాబు నాకు రాయక్కర్లేదు. కథ పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య